సముద్రం అడుగు తవ్వేదెవరు, కొలిచేదెవరు?

విశాఖ ఆర్కే బీచ్‌లో కోస్టల్ బ్యాటరీ వైపు నడిచే అలవాటున్నవాళ్లకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. ఇసుక మీద మోకాలు దాటే లావున్న ఇనుప పైపులు వరసగా పరిచి ఉంటాయి. ఒక కొస సముద్రంలోకి దిగిపోతుంది. రెండో కొస నుంచి నల్లటి ఇసుక నీళ్లు జోరుగా చిమ్ముతుంటాయి. జాయింట్ల దగ్గర సన్నగా కారే నీళ్లు పైపు కిందే మడుగు కడతాయి. చిమ్మిన నీళ్లు వెనక్కి అలల్లోకి పారిపోతే ఇసుక మాత్రం మేట వేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ అందరికీ వచ్చే అనుమానమే వచ్చింది. సముద్రంలో ఇసుక తీసి మళ్లీ సముద్రం ఒడ్డునే పోయడం ఏమిటి? ఈ డబ్బు ఎవరు కడుతున్నారు?

మన తీరం వెంబడి ఇసుక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరం వైపు తోస్తాయి. ఈశాన్య గాలులకు కొంత వెనక్కి వస్తుంది కానీ, ఏడాది మొత్తం లెక్క వేస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అదంతా లక్షల ఘనపు మీటర్ల ఇసుక. దాని దారికి అడ్డంగా రేవు గోడ కడితే గోడకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన బీచ్ కోసుకుపోతుంది. విశాఖ రేవు బయట ఈ ఇసుకను పట్టడానికే ఒక గొయ్యి తవ్వి ఉంచారు. అందులో పడ్డ ఇసుకను డ్రెడ్జర్, అంటే పూడిక తీసే ఓడ, తోడి ఆర్కే బీచ్‌కు పంపుతుంది. గోడ లేకుంటే ఆ ఇసుక తనంతట తానే అక్కడికి నడిచి వచ్చేది. గోడ కట్టుకున్నాం కాబట్టి మనం మోస్తున్నాం.

ఈ సంగతి రేవు కట్టినవాళ్లకు ముందే తెలుసు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ విశాఖ రేవులోకి మొదటిసారి వచ్చింది. అంతకుముందే డాల్ఫిన్స్ నోస్ కొండ కింద రెండు పాత ఓడలను కావాలని ముంచి, వాటికి రాళ్లు నింపి అడ్డుగోడగా నిలబెట్టారు. ఓడలు రేవులోకి వచ్చే లోతైన దారిలోకి, అంటే ఛానెల్‌లోకి, ఇసుక రాకుండా ఆపాలి, అలల దెబ్బ తగ్గించాలి. రేవు పుట్టకముందే మొదలైన ఆ పోరాటం నేటికీ నడుస్తోంది. ఓడిపోతే ఏమవుతుందో కాకినాడ దగ్గరి కోరంగి వైపు వెళ్తే తెలుస్తుంది. 19వ శతాబ్దం తొలి రోజుల్లో ఓడలు కట్టి, మరమ్మతులు చేసి పంపిన రేవు అది. గోదావరి ఒండ్రు దాన్ని పూడ్చింది, 1839 తుపాను మిగిలింది ఊడ్చేసింది. రంగూన్ వెళ్లిన మన కూలీలకు అక్కడ కోరంగీలనే పేరు ఈ రేవు నుంచే వచ్చింది. పేరు మిగిలింది, రేవు మిగల్లేదు.

సరే, పూడిక తీయాల్సిందే. తీయడం ఎవరి పని అన్నదాని మీదే మన దగ్గర గొడవ జరుగుతుంది: ప్రభుత్వం తీయాలా, ప్రైవేటు తీయాలా? ఈ ప్రశ్న అడిగే తీరులోనే ఒక చిక్కుంది. పూడికతీత అంటే ఒక్క పని అనుకుంటాం. నిజానికి ఎంత లోతు కావాలో నిర్ణయించడం ఒక పని. డబ్బు పెట్టడం ఇంకోటి. ఓడ తెచ్చి తవ్వడం మరోటి. తవ్విందెంతో కొలవడం వేరు, తీసిన బురద ఎక్కడ పోస్తున్నారో చూడడం వేరు. టీవీ చర్చల్లో వినబడేది తవ్వడం గురించే. నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది కొలవడం. ఎందుకో చెబుతాను.

ముందు లోతు విలువ ఎంతో చూద్దాం. 75 వేల టన్నుల బొగ్గు ఓడ ఒక్క సెంటీమీటరు మునగాలంటే దాదాపు 65 టన్నుల సరుకు ఎక్కించాలి. అంటే రేవు ఛానెల్‌లో ఒక్క మీటరు లోతు తక్కువైతే ఓడ దాదాపు 6,500 టన్నుల సరుకు వదులుకుని రావాలి. అద్దె అంతే, డీజిల్ అంతే, సరుకు మాత్రం తక్కువ. ఆ తేడా చివరికి కరెంటు బిల్లులోనో ఎరువు బస్తా ధరలోనో తేలుతుంది. కంటికి కనపడని మీటరు కోసం రేవులు కోట్లు పోస్తున్నది ఇందుకే.

తవ్వకం రెండు రకాలు. కొత్తగా లోతు చేయడాన్ని క్యాపిటల్ డ్రెడ్జింగ్ అంటారు. చేసిన లోతు పోకుండా ఏటా పూడిక తీయడం మెయింటెనెన్స్ డ్రెడ్జింగ్. ఇల్లు కట్టడానికీ, ఏటా పైకప్పు నేయించడానికీ ఉన్నంత తేడా ఈ రెండిటికీ ఉంది. మొదటిదానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, అప్పు పుడుతుంది. రెండోదానికి ఏదీ ఉండదు, ఖర్చు మాత్రం ఆగదు. ప్రైవేటుకు మొదటిదంటే మక్కువ. రెండోది కూడా లాభమే, కానీ సరుకు దండిగా ఉన్న రేవుల్లోనే.

గట్టి నేలైతే కట్టర్ డ్రెడ్జర్ కావాలి. రెండు ఇనుప స్తంభాలు నేలలో దింపుకుని నిలబడి, ముందున్న పళ్ల చక్రంతో కోస్తూ పైపు గుండా తోసేస్తుంది. మెత్తటి ఇసుక, బురద అయితే హాపర్ డ్రెడ్జర్. ఇది మామూలు ఓడలాగే కదులుతూ, పక్కనుంచి కిందికి దింపిన పెద్ద గొట్టంతో నేలను వాక్యూమ్ క్లీనర్‌లా పీల్చుకుంటుంది. వచ్చేదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. ఇసుక అడుక్కు దిగి, నీళ్లు పైనుంచి పొర్లిపోతాయి. పొట్ట నిండాక లోతు సముద్రంలోకి వెళ్లి అడుగు తలుపులు తెరిస్తే నిమిషాల్లో ఖాళీ. 5,500 ఘనపు మీటర్ల హాపర్ ఒక్క ట్రిప్పు నిండితే దాదాపు 350 టిప్పర్ల ఇసుక. అలా రోజుకు అనేక ట్రిప్పులు, రాత్రీ పగలూ.

ఇంత సరుకు నీళ్ల కింద నుంచి పోతుంటే ఎంత తీశారో తెలిసేదెలా? చెరువులో పూడిక తీస్తే ఎండాకాలం దిగి టేపు పెట్టి కొలవచ్చు. ఇక్కడ దిగలేం. పని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి శబ్ద తరంగాలు పంపి అడుగు లోతు చూస్తారు. రెంటికీ తేడా ఎంతో అంతకు బిల్లు. వినడానికి సులువే. కానీ బురద రేవుల్లో అడుగు ఒక్కటి కాదు! ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం పల్చటి బురద పైపొరకే తగిలి తిరిగొస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీది ఆ పొరను దాటి గట్టి నేల దాకా పోతుంది. రెండు లెక్కలకూ మధ్య ఒక్కోసారి మీటరు పైనే తేడా ఉంటుంది. ఆ తేడాను ఛానెల్ పొడవుతో, వెడల్పుతో గుణించి చూడండి, లక్షల ఘనపు మీటర్లు తేలతాయి. పని ముందు సర్వే పై పొరను, పని తర్వాత సర్వే కింది పొరను చూపిస్తే, గంప మట్టి తీయకుండానే బిల్లు తయారవుతుంది. ఎవరూ దొంగతనం చేయనక్కర్లేదు, ఏ మీట నొక్కాలో పట్టించుకోకపోతే చాలు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు దీనికొక పద్ధతి పెట్టుకుంది. ఘనపు మీటరుకు 1.2 టన్నుల సాంద్రత దాకా ఉన్న బురదలో ఓడ నడుస్తుంది కాబట్టి, అక్కడి నుంచే అడుగు మొదలైనట్టు లెక్క. అనవసరంగా తవ్వే ఖర్చు దాంతో చాలా తగ్గింది.

కాంట్రాక్టరు వైపు నుంచీ ఒక న్యాయం ఉంది. తాను తవ్వుతుండగానే ఇంకో పక్క పూడుతుంటుంది. నెల రోజులు కష్టపడి తీసి, సర్వే వేళకు తుపాను వస్తే చేసిన పని కనపడదు. అందుకే హాపర్‌లో నిండినదాన్ని బట్టి డబ్బివ్వమంటాడు. అలా ఇస్తే ఇసుక బదులు నీళ్లు మోసే ప్రమాదం ఉంది. ఇంకో దారి కూడా వచ్చింది: తీసిన మట్టికి కాకుండా నిలిపిన లోతుకు డబ్బివ్వడం. ఇన్నేళ్లపాటు ఇంత లోతు ఎప్పుడూ ఉండాలి, ఎలా ఉంచుతావో నీ ఇష్టం అనే ఒప్పందం. గంగానది మీది జలమార్గంలో ఇలాంటివి పెట్టారు. ప్రకృతి చేసే అల్లరి భారం అప్పుడు కంపెనీ మీద పడుతుంది. ఆ భారాన్ని కంపెనీ ముందే రేటులో కలుపుకుంటుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా, లోతు ఉందో లేదో కొలిచి చెప్పగల మనిషి ప్రభుత్వం దగ్గర లేకపోతే అన్నీ ఒకటే.

ఇప్పుడు మన విశాఖ కథకు వద్దాం. 1976లో విశాఖ ఔటర్ హార్బర్ తెరుచుకుంది. అదే ఏడాది కేంద్రం డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను పెట్టింది. ప్రధాన కార్యాలయం విశాఖలోనే. ఊళ్లో అందరూ డీసీఐ అంటారు. హుగ్లీ నదిలో హల్దియా దారి తెరిచి ఉంచడం నుంచి సేతుసముద్రం దాకా దేశంలో ఎక్కడ ప్రభుత్వానికి తవ్వకం కావాలన్నా ఈ సంస్థ ఓడలే వెళ్లేవి. ఒకప్పుడు పోటీ లేదు. తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. బెల్జియం, నెదర్లాండ్స్ కంపెనీలు లోకమంతా తిరిగే భారీ డ్రెడ్జర్లతో వచ్చాయి. ఇక్కడ ప్రైవేటు రేవుల యజమానులు సొంత డ్రెడ్జర్లు కొనుక్కున్నారు. డీసీఐ ఓడలు పాతబడ్డాయి, మరమ్మతులకు నిలబడే రోజులు పెరిగాయి. విదేశీ కంపెనీ తక్కువ రేటు వేసినా, అదే రేటుకు చేస్తామంటే భారత జెండా డ్రెడ్జర్లకు ముందు అవకాశమిచ్చే నిబంధన ఉండేది. కానీ ఆ రేటుకు చేయగలిగితేనే కదా.

2017లో డీసీఐలో ప్రభుత్వ వాటా అమ్మేస్తారన్న వార్త వచ్చినప్పుడు విశాఖలో టెన్షన్ మొదలైంది. ఉద్యోగులు నెలల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. చివరికి 2019 మార్చిలో కేంద్రం తన దాదాపు 73 శాతం వాటాను సుమారు 1,050 కోట్లకు నాలుగు రేవులకు అమ్మింది. విశాఖపట్నం, పారదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీన్‌దయాళ్. నాలుగూ కేంద్రం కింద ఉన్న రేవులే. అంటే కేంద్రం ఒక జేబులోది తీసి ఇంకో జేబులో పెట్టుకుంది, రేవుల దగ్గరున్న డబ్బు ఖజానాకు చేరింది. అప్పట్లో చాలామంది ఇది ఉత్త లెక్కల సర్దుబాటన్నారు. నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. ప్రైవేటుకు పోకుండా ఆగింది, అది చిన్న విషయం కాదు. పని ఇచ్చేవాళ్లే యజమానులైనందున డ్రెడ్జర్లు ఖాళీగా ఉండకుండా చూసుకునే వీలుంది. అయితే టెండరు పిలిచేదీ, టెండరు వేసే కంపెనీ యజమానీ ఒకరే అయితే రేటు సరైనదా కాదా చూసేదెవరు? ఈ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రైవేటు గొప్పతనం చూడాలంటే విశాఖకు కాస్త దక్షిణాన గంగవరం వెళ్లాలి. 2009లో తెరుచుకున్న ఆ రేవు మొదటి రోజు నుంచే చాలా లోతుగా తవ్వుకుంది. లక్షన్నర టన్నుల పైబడిన ఓడలు నేరుగా వచ్చేస్తుంటే పక్కనే ఉన్న ప్రభుత్వ రేవు కూడా కదలక తప్పలేదు. ఆ తర్వాత విశాఖ రేవు కూడా లోతు పెంచే పనులు చేపట్టింది. పోటీ వల్ల మేలు జరగలేదంటే అబద్ధమే అవుతుంది. ఇదే గంగవరంలో ఇంకో కథ కూడా ఉంది. తరతరాలుగా పడవలు లాక్కున్న ఒడ్డును గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు పోగొట్టుకున్నారు. రేవు ఎక్కడ, ఎంత లోతు, ఎవరి ఒడ్డు తీసుకోవాలి అన్నవి తవ్వే కంపెనీ తేల్చే విషయాలు కావు. అవి ప్రభుత్వం తేల్చాల్సినవి, ఒడ్డున ఉన్నవాళ్లను ముందు అడిగి తేల్చాల్సినవి.

అమెరికాలో ఈ వాదన మనకంటే చాలా ముందు మొదలైంది. అక్కడ నదులు, రేవుల పూడిక 1824 నుంచి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ బాధ్యత. అంటే సైన్యపు ఇంజినీర్లది. వాళ్ల సొంత డ్రెడ్జర్లే పని చేసేవి. ప్రైవేటు కంపెనీలు తమకూ పని కావాలని పట్టుబట్టాయి. 1978లో చట్టం మారింది: సరైన రేటుకు ప్రైవేటు చేయగలిగిన పని ప్రైవేటుకే ఇవ్వాలి, ప్రభుత్వం అత్యవసరానికి, రక్షణకు కావలసినంత చిన్న దండు మాత్రమే ఉంచుకోవాలి. ఇప్పుడు కోర్ దగ్గర ఉన్న హాపర్ డ్రెడ్జర్లు నాలుగే. అందులో వీలర్, మెక్‌ఫార్లండ్ అనే రెండిటిని ఫైరింజన్ లాగా సిద్ధంగా కట్టేసి ఉంచుతారు. మిసిసిపీ ముఖద్వారంలో ఒక్కసారిగా ఇసుక మేట వేసి, ప్రైవేటు ఓడలన్నీ వేరే పనుల్లో ఉన్నప్పుడు వీలర్‌ను పిలుస్తారు. కట్టేసి ఉంచడం దండగ అనేవాళ్లు అక్కడా ఉన్నారు. ఊళ్లో ఇల్లు తగలబడని రోజున ఫైరింజన్ కూడా దండగే.

అక్కడ ఇంకో తమాషా ఉంది. విదేశంలో కట్టిన డ్రెడ్జర్ అమెరికా నీళ్లలో తవ్వకూడదని 1906 నుంచి చట్టం. దాంతో ప్రపంచంలోని అతిపెద్ద బెల్జియం, డచ్ కంపెనీలకు అక్కడ చోటు లేదు. ప్రైవేటు ఉంది, కానీ పోటీకి దిగే కంపెనీలు కొన్నే. రేట్లు ఎక్కువ, ఓడలు తక్కువ అనే ఫిర్యాదు ఎప్పుడూ వినపడుతుంది. డబ్బు మాత్రం వాడుకునేవాడి దగ్గరే తీసుకుంటారు. రేవులో దిగే దిగుమతి సరుకు విలువ మీద 0.125 శాతం, అంటే లక్షకు 125. దాన్ని ప్రత్యేక నిధిలో వేస్తారు. ఏళ్ల తరబడి ఆ నిధిని పూర్తిగా ఖర్చు చేయకుండా బడ్జెట్ లెక్కల్లో అట్టిపెట్టారు, రేవులేమో పూడుతూ వచ్చాయి. ఖర్చు చేసే వీలు 2020లో చట్టం మార్చాక కానీ కలగలేదు. డబ్బు వసూలు చేయడమూ, అది పూడికకు చేరడమూ వేర్వేరు విషయాలని అక్కడి అనుభవం చెబుతోంది.

మన దేశంలో ఎవరి బాధ్యత అన్నది రేవును బట్టి మారిపోతుంది. విశాఖ లాంటి మేజర్ పోర్టులు కేంద్రానివి, తమ ఛానెల్ ఖర్చు తామే చూసుకోవాలి. కాకినాడ, గంగవరం, కృష్ణపట్నం, కొత్తగా కడుతున్న బందరు, రామాయపట్నం, మూలపేట రాష్ట్రం కింద, ఏపీ మారిటైమ్ బోర్డు పరిధిలో ఉంటాయి. బందరు దగ్గర సముద్రం మైళ్ల దూరం దాకా లోతు లేకుండా, మట్టిగా ఉంటుంది. పాత రోజుల్లో ఓడలు దూరాన లంగరేసుకుంటే సరుకు పడవల్లో మోసేవారు. అక్కడ ఛానెల్ తవ్వడం ఒకెత్తు, ఏటా నిలబెట్టడం అంతకు మించిన ఎత్తు. రేవు పూర్తయ్యేదెప్పుడని అందరూ అడుగుతున్నారు. మొదటి పదేళ్ల పూడిక ఖర్చు ఎవరి పద్దులో రాశారని నేను అడుగుతాను. సరుకు అనుకున్నంత రాకపోతే మొదట కోత పడేది ఆ పద్దుకే.

నదులదీ అదే కథ. కృష్ణలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్ల జలమార్గానికి 2017లో శంకుస్థాపన చేశారు. అమరావతికి కట్టుబడి సామగ్రి నీటి మీద తేవాలన్నది ఆలోచన. 2019 తర్వాత రాజధాని పనులే కొన్నేళ్లు ఆగిపోయాయి. సరుకు లేని నీటిదారిలో పూడిక తీయడానికి ఏ ప్రైవేటు కంపెనీ తన డబ్బు పెట్టదు. పెట్టమని అడగడమూ న్యాయం కాదు. అది ప్రభుత్వం పెట్టాల్సిన పందెం.

ఒకందుకు మాత్రం సంతోషంగా ఉంది. కొచ్చిన్ షిప్‌యార్డులో డీసీఐ కోసం 12,000 ఘనపు మీటర్ల హాపర్ డ్రెడ్జర్ కడుతున్నారు. సంస్థ దగ్గరున్న 5,500 ఘనపు మీటర్ల ఓడలకు రెండింతలు పైనే. దాని పేరు గోదావరి. కోరంగిని పూడ్చిన నది పేరు పూడిక తీసే ఓడకు పెట్టారు. విశాఖ కుర్రవాళ్లు దాని మీద డ్రెడ్జ్ మాస్టర్లుగా ఎక్కాలని నా ఆశ. ఈ నైపుణ్యం దేశంలో మిగలాలంటే అద్దె ఓడలతో కాదు, అందులో పుట్టి పెరిగిన మనుషులతోనే అవుతుంది.

పెద్ద రేవుల సంగతి ఇలా ఉంటే, బందరు పక్కన గిలకలదిండి చేపల రేవు సంగతి వేరు. అక్కడ మొగ, అంటే బోట్లు సముద్రంలోకి పోయే ముఖద్వారం, పూడిపోతూ ఉంటుంది. వారం పది రోజులు వేటాడి, ఐసు కరుగుతుండగా తిరిగొచ్చిన బోట్లు పోటు వచ్చేదాకా మొగ బయట ఆగాల్సి వస్తుంది. తొందరపడి వస్తే అడుగు తగిలి కూరుకుపోతాయి, అల అడ్డంగా కొడితే తిరగబడతాయి. ఇక్కడ దిగుమతి సుంకం లేదు, బొగ్గు ఓడ లేదు, లోతుకు రేటు కట్టి అడిగే కంపెనీ లేదు. డ్రెడ్జర్ రావాలంటే ఎవరో ఒకరు ఖర్చు భరించి పంపాలి. దాని కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకోవాలి. ఈలోగా బోటు ముందు అంచున ఒక కళాసీ వెదురు గెడ పట్టుకుని నిలబడతాడు. నీళ్లలోకి దించి, తడిసిన మేర చూసి, వెనక చుక్కాని దగ్గరున్న సరంగుకు చెయ్యెత్తి చూపిస్తాడు. ఇంకాస్త ఆగు. మళ్లీ దించుతాడు. ఆ మొగకు ఈరోజు జరిగే సర్వే అదే.